సుగ్గికి పోయిన పిల్లల కండ్లు

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో కంటి వైద్యం గురించి మాట్లాడాలంటే ముందు పటం చూడాలి. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1 దాకా బళ్లారి జిల్లాలో ఉండేవి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఆ రోజున అవి కర్నూలు జిల్లాలో కలిశాయి. అదే రోజున కర్నూలు రాజధాని కూడా అయింది. మూడేండ్లకు రాజధాని హైదరాబాదుకు పోయింది, మనం మాత్రం కర్నూలు కిందనే ఉండిపోయాం. ఇందులో కంటి సంగతి ఏముందని అనుకోవచ్చు. ఆదోని నుంచి బళ్లారి సుమారు 70 కిలోమీటర్లు, కర్నూలు సుమారు 100. పెద్ద జబ్బు చేస్తే బళ్లారికి పోవడం మన పెద్దలకు అలవాటైన దారి. రాష్ట్రం మారినా కాళ్లు ఆ దారి మరవలేదు. కానీ కార్డులు, సర్టిఫికెట్లు, ఉచిత వైద్యం అన్నీ ఇటువైపు. కర్నూలులో 1957లో వైద్య కళాశాల వచ్చింది, ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. అక్కడికి పోయి రావాలంటే కూలి మనిషికి ఒక రోజు పోతుంది, మళ్లీ రమ్మంటే ఇంకో రోజు. పిల్లకు బోర్డు కనపడలేదనే మాటకు రెండు రోజుల కూలి పోగొట్టుకునే ఇల్లు మన తండాల్లో ఎన్ని ఉంటాయి?

అందుకే వైద్యమే బండెక్కి మన దగ్గరకు రావాలన్న ఆలోచన ఈ ప్రాంతానికి కొత్తది కాదు. పక్కనున్న కన్నడ నేలలో బిజాపూరు వైపు పుట్టిన డాక్టర్ ఎం.సి. మోది 1943 నుంచి ఊరూరూ తిరిగి కంటి శిబిరాలు పెట్టారు. ఒక్క రోజులో 833 శుక్లాల ఆపరేషన్లు చేసిన మనిషిగా గిన్నిస్ పుస్తకంలో ఆయన పేరు ఎక్కింది. బడిలోనో, సత్రంలోనో వరసగా పడుకోబెట్టి, ఆపరేషన్ చేసి, కంటికి కట్టు కట్టి పంపే శిబిరాల కాలం అది. దేశమంతా అలాంటి శిబిరాలు నడిచాయి. వాటి వల్ల చూపు తిరిగి వచ్చిన ముసలివాళ్లు లక్షల్లో ఉన్నారు, ఆ పని చిన్నదని మేము అనడం లేదు. అయితే ఆ శిబిరాలకు అవ్వాతాతలను తీసుకొచ్చింది ఎవరు? చేతికర్ర కొస పట్టుకొని ముందు నడిచిన మనవడో మనవరాలో. అవ్వ కంటికి డాక్టరు టార్చి వేశాడు. కర్ర పట్టుకున్న పిల్ల కంటిని చూడడం ఆ శిబిరం పని కాదు. కంటి జబ్బు అంటే ముసలితనపు శుక్లం అనే లెక్క చాలా కాలం నడిచింది.

పిల్లల కండ్ల మీద ప్రభుత్వం చూపు మొదట పడింది ఆకలి దారిలో. రేచీకటి మన ఇండ్లల్లో తెలియని మాట కాదు. పొద్దు గూకితే పిల్లాడు గడప తగిలి పడతాడు, తెల్లగుడ్డు మీద నురుగులాంటి మచ్చ వస్తుంది, ముదిరితే నల్లగుడ్డు మెత్తబడి చూపే పోతుంది. దీనికి కారణం విటమిన్ ఎ లోపం. కూనూరు నుంచి 1958లో హైదరాబాదుకు వచ్చిన పోషకాహార పరిశోధనశాల, ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ, ఆరు నెలలకొకసారి రెండు లక్షల యూనిట్ల విటమిన్ ఎ నోట్లో పోస్తే పిల్లలను ఈ గుడ్డితనం నుంచి కాపాడవచ్చని చూపింది. 1970లో అది దేశమంతటి కార్యక్రమం అయింది. 1975 తరవాత అంగన్‌వాడీలు వచ్చి ఆ చెంచా మన వాకిళ్లకు చేరింది. మునగాకు, తోటకూర, పుంటికూర వండుకునే ఇండ్లల్లో ఈ లోపం రాకూడదు కదా అని అడిగేవాళ్లు ఉన్నారు. కరువు ఏడాది కూర దొరకదు, దొరికినా నూనె చుక్క లేని కూర నుంచి పిల్ల ఒంటికి పట్టేది తక్కువ. ఏమైనా, మన పిల్లల కండ్ల కోసం ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన మొదటి మందు ఆ చెంచాడు ద్రవమే. ఆ చెంచా బడి హాజరు అడగలేదన్నది గుర్తు పెట్టుకోవలసిన విషయం.

1976లో కేంద్ర ప్రభుత్వం అంధత్వ నివారణకు జాతీయ కార్యక్రమం పెట్టింది. 1994లో ప్రపంచ బ్యాంకు అప్పుతో ఏడు రాష్ట్రాల్లో శుక్లాల పథకం మొదలైంది, వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ రోజుల్లోనే బడి పిల్లల కంటి పరీక్ష కూడా ఆ కార్యక్రమంలో భాగమైంది. పద్ధతి తేలికైనది. ఆరు మీటర్ల దూరంలో చార్టు తగిలించాలి, ఒక కన్ను మూసి రెండో కంటితో చదివించాలి, చదవలేని పిల్లను ఆఫ్తాల్మిక్ అసిస్టెంటు దగ్గరకు పంపాలి. ఈ చార్టు 1862లో హెర్మన్ స్నెల్లెన్ అనే డచ్చి డాక్టరు తయారు చేసినది. అక్షరాలు రాని పిల్లలకు ఇంగ్లీషు 'ఈ' ఆకారం ఒక్కటే ఉన్న చార్టు ఉంది. దాని కాళ్లు ఎటు తిరిగాయో పిల్ల చేత్తో చూపిస్తే చాలు. గోరు బోలి తప్ప తెలుగు ఇంకా రాని ఒకటో తరగతి పిల్లకు కూడా పనికొచ్చే పరీక్ష అది, భాష అడ్డం రాదు.

ఈ పరీక్షలో తొలి మెట్టు టీచరుదే. కానీ ఎక్కువ శ్రద్ధ పెట్టింది పది నుంచి పద్నాలుగేండ్ల పిల్లల మీద. దీని నష్టం ఏమిటో చెప్పుకోవాలి. ఒక కంటికి సైటు ఎక్కువగా ఉన్నా, మెల్లకన్ను ఉన్నా, మెదడు ఆ కంటి బొమ్మను పక్కన పెట్టి మంచి కంటితోనే చూడడం నేర్చుకుంటుంది. దీన్ని సోమరి కన్ను అంటారు. ఏడెనిమిదేండ్ల లోపల పట్టుకుంటే అద్దాలతో, మంచి కన్నును రోజుకు కొంతసేపు మూసి ఉంచడంతో చాలామందికి చూపు వస్తుంది. ఆ వయసు దాటాక పట్టుకుంటే కష్టం. రెండు కండ్లు తెరిచి చూసినప్పుడు ఏ ఇబ్బందీ ఉండదు కనక పిల్ల చెప్పదు, తల్లికి తెలియదు. మెల్లకన్ను అదృష్టమని నవ్వేవాళ్లు ఊరికొకరు ఉంటారు. ఆ అదృష్టం ఒక కంటి చూపును తినేస్తుంది.

మనకు నదికి అవతల, మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ పరిశోధకులు చేసిన ఒక పరిశీలన 2002లో అచ్చయింది. మట్టి, పంట, వలస, తండాలు అన్నీ మనలాగే ఉన్న జిల్లా అది. ఏడు నుంచి పదిహేనేండ్ల పిల్లలు 4,074 మందిని పరీక్షించారు. బడిలో కూర్చున్నవాళ్లతో సరిపెట్టకుండా ఊళ్లో ఉన్న పిల్లలను ఎంచుకొని చూశారు. మంచి కంటితో కూడా సరిగా చూడలేని పిల్లలు నూటికి 2.7 మంది. సుమారుగా నలభై మంది ఉన్న తరగతికి ఒకరు. వాళ్లకు అప్పటికి ఉన్న అద్దాలతో చూపిస్తే 2.7 కాస్తా 2.6 అయింది, అంటే అద్దాలు ఉన్నవాళ్లు దాదాపు ఎవరూ లేరు. సరైన అద్దాలు పెట్టి చూపిస్తే అది 0.78కి దిగింది. ఈ మూడు అంకెలను మేము ఏ టీచరు కనపడినా చెబుతుంటాం. చూపు తక్కువైన పిల్లల్లో ఎక్కువమందికి కావలసింది ఆపరేషను కాదు, మందు కాదు, ఒక జత అద్దాలు.

ఎండలో తిరిగే పల్లె పిల్లలకు సైటు రాదు అనే మాట మనవాళ్లలోనే వినపడుతుంది. అందులో సగం నిజం ఉంది. ఆరుబయట వెలుతురులో ఎక్కువ గడిపే పిల్లలకు హ్రస్వదృష్టి తక్కువగా వస్తుందని చాలా దేశాల పరిశోధనలు చెబుతున్నాయి. పట్నం పిల్లల కంటే మనవాళ్లకు తక్కువే. కానీ తక్కువ ఉండడం వేరు, లేకపోవడం వేరు. పైగా మన పిల్లల కండ్లకు వచ్చే ప్రమాదాలు పట్నం పిల్లలవి కావు. పత్తికట్టె గుచ్చుకోవడం, కంపముల్లు, సున్నం పడడం, మిరప ఘాటు. కంట్లో ఏదైనా పడితే ఆకు పసరో, తల్లిపాలో వేయడం మన ఇండ్లల్లో ఉన్నదే. మన పసరు వైద్యాన్ని చిన్నచూపు చూసే ఉద్దేశం మాకు లేదు. నల్లగుడ్డు మీద గీత పడ్డప్పుడు మాత్రం పసరు చీము పట్టిస్తుంది, మానాక తెల్ల పువ్వు మిగులుతుంది. ఆ ఒక్క విషయంలో పాత అలవాటు వదులుకోవాలి.

ఎమ్మిగనూరు గురించి ఒక మాట. 1938లో మాచాని సోమప్ప పెట్టిన చేనేత సహకార సంఘంతో ఆ ఊరు దేశానికి తెలిసింది, 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మగ్గం మీద పోగు తెగితే పట్టుకునేది కన్నే. మన సుగాలి ఆడవాళ్లు రవికకు అద్దాలు కుట్టేదీ కంటి పనే. నలభై దాటగానే దగ్గర చూపు తగ్గి, సూదిలో దారం ఎక్కించడానికి చిన్నపిల్లను పిలుస్తారు. పెద్దల దగ్గర చూపు పోతే పిల్ల చదువు మీద ఎట్లా పడుతుందో దీనిలోనే ఉంది. దగ్గర చూపు అద్దాలు సంతలో కూడా దొరుకుతాయి. అవి లేక ఎంతమంది అమ్మాయిలు దారం ఎక్కించడానికి ఇంట్లో ఆగిపోయారో ఏ లెక్కలోనూ రాదు.

ఇక సుగ్గి. కన్నడంలో సుగ్గి అంటే పంట కోతల కాలం, పండగ. మన దగ్గర ఆ మాటకు అర్థం మారింది. సుగ్గికి పోవడం అంటే పని వెతుక్కుంటూ ఊరు విడిచి పోవడం. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం, ఆస్పరి, దేవనకొండ వైపు నుంచి దసరా దాటాక కుటుంబాలు కదులుతాయి. పత్తి తీతకు, తరవాత మిరప కోతకు గుంటూరు వైపు, కొందరు తెలంగాణకు, కొందరు బెంగళూరుకు. వంట సామాను, జొన్నల మూట, కోళ్లు, పిల్లలు అందరూ ఒకే బండి. ఉగాదికి తిరిగొస్తారు, కొందరు ఆ తరవాత. తుంగభద్ర దిగువ కాలువ పక్కనే ఉన్నా చివరి భూములకు నీళ్లు రాని ఊళ్లు ఇవి. ఇంట్లో అవ్వ ఉంటే పిల్లను వదిలి పోతారు, లేకపోతే పిల్ల కూడా చేనుకే. సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి, అవి తెరిచే రోజు, పిల్లలు బండెక్కే రోజు ఒకటి కావు.

ఈ క్యాలెండరు పక్కన ప్రభుత్వ క్యాలెండరు పెట్టి చూడండి. 2010లో ఉమ్మడి రాష్ట్రంలో జవహర్ బాల ఆరోగ్య రక్ష, 2013లో దేశమంతా రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వచ్చాయి. రెండోదానిలో సంచార బృందాలు అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి రావాలి. చూపు లోపం వాళ్లు చూడవలసిన వాటిలో ఒకటి. ఏడాదికి ఒకసారి అంటే ఏ నెలలో? సుగ్గి నెలలో వస్తే ఆ ఏడాదికి ఆ పిల్ల సంగతి అంతే.

2019 అక్టోబరు 10న, ప్రపంచ దృష్టి దినం రోజున, అనంతపురంలో వైఎస్సార్ కంటి వెలుగు మొదలైంది. మొదట బడి పిల్లలు. ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం రాష్ట్రంలో సుమారు 66 లక్షల మంది పిల్లలను చూశారు, నాలుగు లక్షలకు పైగా పిల్లలకు రెండో పరీక్ష అవసరమని తేలింది, లక్షన్నర జతల దాకా అద్దాలు ఇచ్చారు. ఇంత పెద్ద ఎత్తున పిల్లల కండ్లు చూడడం చిన్న పని కాదు. దాన్ని మేము మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాం. తేదీలు మాత్రం చూడాలి. మొదటి పరీక్ష అక్టోబరు 10 నుంచి 16 దాకా. ఆ ఏడు దసరా అక్టోబరు 8. కంటి నిపుణులు చేసే రెండో పరీక్ష నవంబరు 1 నుంచి డిసెంబరు 31 దాకా. దీపావళి అక్టోబరు 27. కోస్తా జిల్లాల్లో ఈ తేదీలకు ఏ అడ్డూ లేదు. కోసిగిలో, ఆస్పరిలో అవి ఇల్లు తాళం పడే నెలలు. అక్టోబరులో చార్టు చదవలేదని పేరు రాసుకున్న పిల్ల, డాక్టరు వచ్చేసరికి పల్నాటి పత్తి చేనులో ఉంటుంది. ఎవరో కావాలని చేసినది కాదిది. తేదీలు వేసేవాళ్ల ముందు మన క్యాలెండరు లేదు, అంతే. 2020 ఫిబ్రవరి 18న అవ్వాతాతల దశ కర్నూలులోనే మొదలైంది. నెల దాటేసరికి కరోనా వచ్చింది, ఊళ్లు మూతపడ్డాయి.

తెలంగాణలో ఇంకో తీరు. అక్కడ 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూరులో మొదలైన కంటి వెలుగు బడిని కాకుండా ఊరిని పట్టుకుంది. ఊళ్లో శిబిరం పెట్టి అన్ని వయసుల వాళ్లను పిలిచారు, కోటిన్నరకు పైగా జనాన్ని చూశారు. ఊరిని పట్టుకుంటే బడి మానిన పిల్ల కూడా దొరుకుతుంది. కానీ ఊళ్లోనే లేని పిల్ల అక్కడా దొరకదు.

మనల్ని లెక్క పెట్టడం ప్రభుత్వాలకు చేతకాదని ఎవరైనా అంటే మేము నమ్మం. 1871లో బ్రిటిషువాళ్లు తెచ్చిన నేరస్థ తెగల చట్టం 1952లో రద్దయ్యేదాకా ఎరుకల వాళ్లు, ఇంకా ఎన్నో సంచార జాతులు ఏ ఊళ్లో ఉన్నారో, ఎప్పుడు కదిలారో, ఎప్పుడు తిరిగొచ్చారో రిజిస్టర్లలో రాసి పెట్టారు. నిర్ణీత వేళకు పోలీసు దగ్గర హాజరు చెప్పించుకున్నారు. మనిషి ఎటు కదిలితే అటు వెళ్లే రిజిస్టరు అది. అనుమానం కోసం అంత శ్రమ పడిన వ్యవస్థ, అద్దాల కోసం వచ్చేసరికి 'గైర్హాజరు' అని రాసి పేజీ తిప్పుతుంది. ఇప్పుడు రేషను బియ్యం ఏ జిల్లాలోనైనా తీసుకోవచ్చు. బియ్యం పోగలిగిన దారిలో కంటి చీటీ పోలేదా? కోసిగి పిల్లకు రాసిన అద్దాల నంబరు చూసి గుంటూరు జిల్లా ఆసుపత్రి ఆ జత ఇవ్వలేదా? పిడుగురాళ్ల, సత్తెనపల్లి మిరప చేలల్లో మనవాళ్లు వందల గుడిసెలు వేసుకొని ఉంటారు. సంచార వైద్య బండి అక్కడ ఆగితే సరిపోతుంది, దారి కొత్తది కాదు.

మైదాన ప్రాంతపు గిరిజనులకు ఇంకో ఇబ్బంది ఉంది. శ్రీశైలం ఐటీడీఏ చెంచుల కోసం వచ్చింది. ఆదోని, పత్తికొండ వైపు చెదిరి ఉన్న సుగాలి, ఎరుకల కుటుంబాలకు అలాంటి గొడుగు లేదు. ఏజెన్సీలో గట్టిగా పట్టుకుంటే ఏం జరుగుతుందో మన ఉత్తరాంధ్ర సరిహద్దుకు ఆనుకొని ఉన్న ఒడిశా రాయగడ జిల్లాలో చూశాం. అక్కడ కోందు, సవర పిల్లలున్న బళ్లలో టీచర్లకు శిక్షణ ఇచ్చి మొదటి పరీక్ష వాళ్లచేత చేయించారు. తరవాత విజన్ టెక్నీషియన్లు, ఆ పైన కంటి డాక్టర్లు. లక్షన్నర మందికి పైగా పిల్లలను అట్లా చూశారు. టీచరు చేతిలో తొలి పరీక్ష పెట్టి అంతమందిని దాటించవచ్చని అక్కడ రుజువైంది.

అద్దాలు వచ్చాక ఇంకో కథ. 'సోడాబుడ్డి' అని తోటి పిల్లలు పిలుస్తారు. ఆడపిల్లకైతే సంబంధాలు రావని ఇంట్లో దాచిపెడతారు. పెట్టె అడుగున ఉన్న అద్దాలు లెక్కలో మాత్రం ఇచ్చినట్టే ఉంటాయి. టీచరు తన అద్దాలు తీసి చూపించి, నాకూ ఉన్నాయి కదా అని ఒక మాట అంటే తరగతిలో నవ్వు ఆగుతుంది. ఇది మేము చాలా బళ్లలో చూసిన మందు, ఖర్చు లేనిది.

చదువుకున్న మన పిల్లలకు ఇందులో బతుకుతెరువు కూడా ఉంది. మదరాసులో 1985లో ఆప్టోమెట్రీ డిగ్రీ చదువు మొదలైంది, ఎల్.వి. ప్రసాద్ సంస్థలో 1990లో. ఇంటర్ చదివి, ఏడాది శిక్షణతో విజన్ టెక్నీషియన్లుగా తమ ఊళ్ల దగ్గరే కంటి కేంద్రాలు నడుపుతున్న పల్లె యువకులు తెలుగు నేల మీద చాలామంది ఉన్నారు. గోరు బోలి తెలిసిన మనిషి ఆ కుర్చీలో ఉంటే, ఏ అక్షరం కనపడడం లేదో చెప్పడానికి పిల్ల సిగ్గుపడదు.

టీచర్లకు మేము చెప్పేది సెప్టెంబరు పని. డాక్టరు వచ్చేదాకా ఆగనక్కరలేదు. దసరా సెలవులకు ముందే, ఆరు మీటర్లు తాడుతో కొలిచి, వెలుతురున్న గోడకు 'ఈ' చార్టు తగిలించండి. ఒకటో తరగతి నుంచే మొదలుపెట్టండి, ఒక్కో కన్నును విడిగా చూడండి. అరచేతితో మూయించండి, వేళ్లతో మూస్తే సందులోంచి చూస్తారు. కంటిని నొక్కనివ్వకండి, నొక్కిన కన్ను తరవాత కాసేపు మసకగా ఉంటుంది. 6/9 వరస చూపలేని పిల్ల పేరు రాయండి, బడి మానిన అన్నదమ్ముల పేర్లూ అడిగి రాయండి. పేరు పక్కన ఎమ్మిగనూరు ఆసుపత్రికో ఆదోని ఆసుపత్రికో ఏ వారం తీసుకుపోగలరో రాసుకోండి. ఆ కుటుంబం ఈ ఏడు సుగ్గికి పోతుందా, ఏ ఊరికి, ఏ మేస్త్రీ వెంట, ఆయన ఫోను నంబరు ఎంత అన్నది కూడా అదే పేజీలో ఉండాలి. అద్దాలు జనవరిలో వస్తే పిల్ల అప్పటికి మిరప చేనులో ఉంటుంది.